గాలివానకు పొలిమేర లేదు

ఊరికి పొలిమేర ఉంది. రాష్ట్రానికి ఎల్ల ఉంది. దేశానికి సరిహద్దు ఉంది. గాలికి, వానకు మాత్రం ఇవేవీ లేవు. ఎక్కడో థాయిలాండు ప్రాంతంలో మొదలైన గాలిసుడి అండమాను సముద్రం దాటి, బంగాళాఖాతంలో బలం పుంజుకొని, వారం తిరగకుండానే గంజాం జిల్లాలోనో గోదావరి లంకల్లోనో కొబ్బరిచెట్లను కూల్చివేయవచ్చు. అందుచేత వాతావరణాన్ని ముందుగా పసిగట్టడం ఏ ఒక్క దేశానికీ ఒంటరిగా సాధ్యం కాదు. అనేక దేశాలు చేయి కలిపి చేసే పని అది.

తుపాను ఎలా పుడుతుందో ముందు తెలుసుకొందాం. సముద్రపు పైనీరు దాదాపు 27 డిగ్రీల సెల్సియస్ వరకు వేడెక్కినప్పుడు నీటి ఆవిరి విస్తారంగా పైకి లేస్తుంది. అది పైన చల్లబడి నీటిబిందువులుగా మారేటప్పుడు తనలోని వేడిని గాలికి వదులుతుంది. ఆ వేడికి గాలి ఇంకా పైకి పోతుంది. కింద పీడనం తగ్గుతుంది. చుట్టుపక్కల గాలి అక్కడికి పరుగెత్తుతుంది. భూభ్రమణం కారణంగా అది తిన్నగా పోక సుడి తిరుగుతుంది. అల్పపీడనం వాయుగుండంగా, వాయుగుండం తుపానుగా మారేది ఈ విధంగానే. ఆ తుపాను ఎటు నడిచేదీ చాలావరకు పైనున్న గాలులను బట్టి ఉంటుంది. ఆ గాలులు వీచేది మన నేల మీద మాత్రమే కాదు. పొరుగుదేశాల మీద, ఎవరికీ చెందని నడిసముద్రం మీద కూడా వీస్తాయి. అక్కడి కొలతలు అందకపోతే మన లెక్క తప్పుతుంది.

లెక్క తప్పినా, హెచ్చరిక సమయానికి జనానికి చేరకపోయినా ఏమవుతుందో తూర్పుతీరపు ప్రజలకు బాగా తెలుసు. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన దివిసీమ గ్రామాలను ముంచివేసింది. దాదాపు పదివేలమంది చనిపోయారు. 1996 నవంబరు 6న కాకినాడ సమీపంలో తీరం దాటిన తుపాను తూర్పు గోదావరి జిల్లాను, యానాంను అతలాకుతలం చేసి, వెయ్యిమందికి పైగా ప్రాణాలను బలిగొన్నది. వేటకు వెళ్లిన మత్స్యకారులు ఎందరో తిరిగి రాలేదు. 1999 అక్టోబరు 29న ఒడిశా తీరాన్ని తాకిన పెను తుపానుకు మరల పదివేలమంది వరకు ఆహుతి అయ్యారు.

మన దేశంలో వాతావరణ పరిశోధనకు ఊపు వచ్చింది కూడా ఇటువంటి విపత్తు వల్లనే. 1864లో కలకత్తాను ఒక ఘోరమైన తుపాను తాకింది. ఆ వెనుక వానలు తప్పి కరువులు వచ్చాయి. 1875లో భారత వాతావరణ శాఖ ఏర్పడింది. ఆ మరుసటి సంవత్సరమే ధాత కరువు మొదలైంది. వానలు ఎందుకు తప్పుతున్నాయి? 1904లో ఆ శాఖకు అధిపతిగా వచ్చిన గిల్బర్ట్ వాకర్ అనే గణితశాస్త్రజ్ఞుడు ఈ ప్రశ్నకు జవాబు వెదికాడు. ఆయన భారతదేశపు లెక్కలను మాత్రమే చూసి ఊరుకోలేదు. ప్రపంచం నలుమూలల నుండి వాయుపీడనాల పట్టికలు తెప్పించుకొన్నాడు. పసిఫిక్ మహాసముద్రం మీద పీడనం హెచ్చినప్పుడు హిందూ మహాసముద్రం మీద తగ్గుతున్నదనీ, అక్కడ తగ్గినప్పుడు ఇక్కడ హెచ్చుతున్నదనీ, త్రాసు పళ్లాల వంటి ఈ ఊగిసలాటకు మన వానలకు సంబంధం ఉన్నదనీ గుర్తించాడు. నేడు తరచుగా వినే ఎల్‌నినో దీనితో ముడిపడినదే. ధాత కరువు నాటి 1877లో బలమైన ఎల్‌నినో ఉన్నదని తరువాతి శాస్త్రజ్ఞులు తేల్చారు. అనంతపురం, బళ్లారి చేలు ఎండడానికి కారణం వేల మైళ్ల అవతలి సముద్రంలో ఉండవచ్చునన్నమాట!

ఇట్టి కొలతలు ఇచ్చిపుచ్చుకొనడానికి దేశాలన్నిటికీ ఒక వేదిక కావాలి. 1950 మార్చి 23న ప్రపంచ వాతావరణ సంస్థ ఒప్పందం అమలులోకి వచ్చింది. అందుకే ఏటా ఆ రోజున ప్రపంచ వాతావరణ దినోత్సవం జరుపుకొంటాం. జెనీవా కేంద్రంగా గల ఈ సంస్థ కొలతలకు ఒకే పద్ధతిని, ఒకే వేళను ఏర్పరచింది. గ్రీన్‌విచ్‌లో అర్ధరాత్రి అయినప్పుడు మనకు ఉదయం 5.30 గంటలు. దాదాపు ఆ వేళకు ప్రపంచమంతటా వందల కేంద్రాల నుండి బెలూన్లు ఆకాశానికి ఎగురుతాయి. చెన్నై, విశాఖపట్నం, భువనేశ్వర్ కేంద్రాలు కూడా వాటిలో ఉన్నాయి. వాటికి కట్టిన చిన్న పరికరం సుమారు 30 కిలోమీటర్ల ఎత్తు వరకు పోతూ ఉష్ణోగ్రత, పీడనం, తేమ వివరాలను రేడియో ద్వారా పంపుతుంది. ఆ వివరాలు అన్ని దేశాలకూ అందుతాయి.

దేశాల మధ్య ఎన్ని విభేదాలున్నా ఈ సహకారం ఆగలేదు. 1979లో అమెరికా, సోవియట్ యూనియన్ ప్రత్యర్థి శిబిరాలుగా ఉండేవి. అయినప్పటికీ ఆ సంవత్సరం ఋతుపవనాలను పరిశీలించడానికి ఆ రెండు దేశాల శాస్త్రజ్ఞులు భారత శాస్త్రజ్ఞులతో కలిసి పనిచేశారు. వారి నౌకలు, విమానాలు అరేబియా సముద్రంలో, బంగాళాఖాతంలో తిరిగి కొలతలు తీశాయి.

నేల మీద కేంద్రాలు పెట్టవచ్చు. నడిసముద్రంలో ఎవరు పెడతారు? ఈ కొరతను తీర్చడానికి 1999–2000 ప్రాంతంలో ఆర్గో అనే పథకం మొదలైంది. సుమారు 30 దేశాలు కలిసి దాదాపు 4,000 తేలు యంత్రాలను మహాసముద్రాలలో వదిలాయి. ఒక్కొక్క యంత్రం వెయ్యి మీటర్ల లోతున ప్రవాహంతో పాటు సాగుతుంది. పదిరోజులకు ఒకసారి రెండువేల మీటర్లకు దిగి, పైకి వస్తూ నీటి వేడిని, ఉప్పదనాన్ని కొలిచి ఉపగ్రహానికి తెలుపుతుంది. భూమి మీద పెరుగుతున్న వేడిలో నూటికి తొంభై వంతులకు పైగా సముద్రమే ఇముడ్చుకొంటున్నదని తేల్చడంలో ఈ కొలతల పాత్ర ఎంతో ఉంది. ఈ పథకంలో మన దేశపు బాధ్యతను మోసేది హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం. సముద్రం లేని నగరంలో కూర్చుని సముద్రపు నాడిని పట్టి చూస్తున్నారన్నమాట!

ఆకాశం నుండి చూసే ఉపగ్రహాల విషయంలోనూ ఇదే తీరు. భారతదేశం, ఫ్రాన్సు కలిసి తయారుచేసిన మేఘా-ట్రాపిక్స్ ఉపగ్రహం 2011 అక్టోబరు 12న శ్రీహరికోట నుండి బయలుదేరి, ఉష్ణమండలపు మేఘాలను, వర్షాలను పరిశీలించింది. పని ముగిసిన దానిని 2023లో పసిఫిక్ మహాసముద్రం వైపు దించివేశారు. భారత, అమెరికా దేశాల ఉమ్మడి ఉపగ్రహమైన నైసార్ 2025 జూలై 30న శ్రీహరికోట నుండే నింగికి చేరింది. నేలలో, మంచులో, అడవులలో వచ్చే మార్పులను 12 రోజులకు ఒకసారి తిరిగి తిరిగి చూడడం దాని పని.

తుపానుల కొరకు మన ప్రాంతపు దేశాలు 1972లోనే ఒక ప్రత్యేక మండలిని ఏర్పరచుకొన్నాయి. నేడు అందులో 13 దేశాలున్నాయి. హెచ్చరికలను సమకూర్చే ప్రాంతీయ కేంద్రం న్యూఢిల్లీలో ఉంది. 2004 నుండి తుపానులకు ఈ దేశాలు వంతులవారీగా పేర్లు పెడుతున్నాయి. 2014లో విశాఖను దెబ్బతీసిన హుద్‌హుద్ పేరు ఒమన్ ఇచ్చినది. 2018లో పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ పేరు పాకిస్తాన్ ఇచ్చినది. 2019లో పూరీ దగ్గర తాకిన ఫణి పేరు బంగ్లాదేశ్ ఇచ్చినది. పేరుంటే హెచ్చరిక గుర్తుంటుంది, ఒక తుపానును మరొకటిగా పొరబడే ప్రమాదం తప్పుతుంది.

ఈ కృషి ఫలితం 2013లో కనిపించింది. థాయిలాండు పేరు పెట్టిన ఫైలిన్ తుపాను అక్టోబరు 12 రాత్రి గోపాలపురం సమీపంలో తీరం దాటింది. గాలి వేగం గంటకు 200 కిలోమీటర్లు. అయితే నాలుగు రోజుల ముందునుండే హెచ్చరికలు వెలువడ్డాయి. ఒడిశా, ఆంధ్రప్రదేశ్ తీరాలలో దాదాపు పదిలక్షలమందిని సురక్షిత ప్రాంతాలకు తరలించారు. ఇళ్లు కూలాయి, పంటలు పోయాయి. కాని 1999లో వేలల్లో ఉన్న మరణాలు ఈసారి పదుల సంఖ్యకే పరిమితమయ్యాయి.

ఇంత జరిగినా లోటు లేకపోలేదు. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ బంగాళాఖాతంలో లంగరు వేసి ఉంచిన కొలత బోయలను కొందరు తెలియక వలల కొరకు, పడవలు కట్టుకొనడం కొరకు వాడి పాడుచేస్తున్నారు. ఒక బోయ మూగబోతే ఆ చోటి సముద్రం సంగతి తెలియదు. రేపు వేటకు పోయే పడవకే దాని వలన ముప్పు. హెచ్చరిక చెవిని పడినా కదలకపోతే కూడా శాస్త్రజ్ఞుల శ్రమ వృథాయే. బోయలను కాపాడటం, విన్న హెచ్చరికను వినని ఇంటికి చేరవేయటం తీరవాసులందరి బాధ్యత. ఎందరో దేశదేశాల నుండి పంపిన కొలత ఆఖరున చేరవలసింది ఆ ఇంటికే.