ముదిరిన ప్రోస్టేట్ క్యాన్సర్‌కు కొత్త మందు: దాన్ని ఎలా పరీక్షించారు?



క్యాన్సర్ రోగి తరఫువారు ‘కొత్త మందు’, ‘ట్రయల్’ అంటూ సాయం కోరి వస్తే, డబ్బు ఇచ్చే ముందు ఆ మాటలకు అర్థం మనకు తెలిసి ఉండాలి.

ప్రోస్టేట్ అంటే మగవారికి మూత్రాశయం కింద ఉండే చిన్న గ్రంథి. వయసు మళ్లాక మూత్రానికి ఇబ్బంది వస్తే మనవాళ్లు సిగ్గుపడి ఎవరికీ చెప్పరు. (ప్రతి ఇబ్బందీ క్యాన్సర్ కాదు, కానీ చూపించుకుంటేనే గదా తెలిసేది!) క్యాన్సరే అయి ఎముకలకు పాకితే హార్మోన్లను అణచే మందులు, కీమోథెరపీ ఇస్తారు. కొన్నాళ్లకు అవీ పనిచేయవు. అలాంటి వారి కోసం వచ్చిందే లుటీషియం-177 చికిత్స.

ఈ క్యాన్సర్ కణాల పైపొర మీద పి.ఎస్.ఎం.ఎ. అనే ప్రోటీన్ ఎక్కువగా ఉంటుంది. దానికి అతుక్కునే పదార్థానికి రేడియోధార్మిక లుటీషియాన్ని తగిలించి నరంలోకి ఎక్కిస్తారు. అది ఆ కణాలను పట్టుకొని, ఒకటి రెండు మిల్లీమీటర్ల మేరకే కిరణాలు చిమ్ముతుంది. లాలాజల గ్రంథులూ దీన్ని కొంత పీల్చుకుంటాయి కాబట్టి నోరు ఎండిపోతుంది. నీరసం, వికారం ఉంటాయి, రక్తకణాలు తగ్గవచ్చు. ముందుగా స్కాన్‌లో ఆ ప్రోటీన్ కనబడితేనే ఈ మందు ఇస్తారు. లుటీషియం-177 మన దేశంలోనే, ట్రాంబేలోని ధ్రువ రియాక్టర్‌లో తయారవుతోంది.

ఇది పనిచేస్తుందని ఎలా తేల్చారు? ‘విజన్’ అనే పరీక్షలో 831 మందిని చీటీలు తీసినట్టు రెండు వర్గాలు చేశారు. 551 మందికి మామూలు వైద్యంతోపాటు ఈ మందు, 280 మందికి మామూలు వైద్యం మాత్రమే. డాక్టర్లే ఎంచితే కాస్త గట్టిగా ఉన్నవారంతా ఒకవైపే చేరిపోవచ్చు, అందుకే ఈ చీటీల పద్ధతి. తమకు మందు రాలేదని తెలిసి రెండో వర్గంలో మొదట్లో చాలామంది తప్పుకున్నారు. ప్రాణం మీద తీపి, వారిని తప్పు పట్టలేం. 2021లో ఫలితం వెలువడింది. మామూలు వైద్యంతో సగంమంది 11.3 నెలలు దాటి బతికితే, ఈ మందుతో సగంమంది 15.3 నెలలు దాటి బతికారు. తేడా నాలుగు నెలలు. 2022 మార్చిలో అమెరికా దీన్ని అనుమతించింది. కాబట్టి పూర్తిగా నయమైపోతుందని ఎవరైనా అంటే నమ్మి, ఆ కుటుంబాన్ని ఇల్లు తాకట్టు పెట్టనివ్వకండి.

ఇక ట్రయల్‌లో చేరమంటే? పరిశోధన ఖర్చు రోగి మీద వేయరాదని ఐసీఎంఆర్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, నష్టపరిహారం ఇవ్వాలని 2019 నిబంధనల్లో ఉంది. అన్నిటికంటే ముఖ్యం సమ్మతి. 2009లో ఖమ్మం జిల్లాలో బాలికలపై జరిగిన టీకా అధ్యయనంలో తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేసిన సంగతి పెద్ద దుమారమే రేపింది. ఉపాధ్యాయ వృత్తిలో ఉన్నవాణ్ణి, అది నేను మరచిపోలేను.

అందుకే మన కె.కోటపాడు నుంచి ఏ పెద్దాయననైనా ట్రయల్‌లో చేరమన్నారని తెలిస్తే, ఆ సమ్మతి పత్రాన్ని ఇంటికి తెప్పించి, ఆయనకు వచ్చిన భాషలో, తెలుగైనా ఉర్దూ అయినా, చదివి వినిపించే మనిషిని ముందు చూడండి. భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ నంబరు అడగండి. మందుకు డబ్బు అడిగితే ఎందుకని నిలదీయండి. మన చందా ఆయన బస్సు ఛార్జీలకు, విశాఖలో బసకు, తోడు వెళ్లే కొడుకు పోగొట్టుకునే కూలికి ఉపయోగపడాలి.