ఆంబోతు వంశము: గుణదోష విచారణ

ఆంబోతును ఎన్నుకొనునపుడు మన రైతులు మూపురమును, గంగడోలును, నడకను చూతురు. వంశమేదని అడుగువారు కొందరు కలరు. ఆ వంశము సంతతికి ఏమి ఇచ్చినది, ఏమి ఇయ్యలేదు అని విచారించువారు మిక్కిలి అరుదు. ఈ విచారణకు మన ఒంగోలు జాతియే సముద్రములు దాటి మంచి నిదర్శనమును సమకూర్చినది.

బ్రెజిలు దేశస్థులు 19వ శతాబ్దమునుండి మన పశువులను కొనిపోయి, నెల్లూరు పేరున ‘నెలోరి’ యని పిలుచుచు మాంసమునకై పెంచుచున్నారు. మనము ఎద్దును దుక్కికిని బండికిని కోరుదుము. వారికి బీడున మేసి త్వరగా బరువెక్కు పశువు కావలెను. ప్రయోజనము వేరైనపుడు గుణదోషముల లెక్కయు వేరగును. 1938లో వారు ఉబెరాబా పట్టణమున ఈ జాతులకు వంశావళి నమోదు ప్రారంభించిరి. 1962-63లో అచటికి చేరిన పశువులలో ఒంగోలు చెంతనున్న కరవది గ్రామపు ఆంబోతొకటి కలదు. ఊరి పేరే దాని పేరైనది. నేటి నెలోరి మందలలో దాని రక్తము విస్తారముగా వ్యాపించియున్నది.

ఈ జాతి సుగుణములు ప్రసిద్ధములే. ఎండకు ఓర్చును; పిడుదుల బాధను సీమపశువులకంటె బాగుగా తట్టుకొనును; ముతకగడ్డితో జీవించును. దూడ చిన్నదిగా పుట్టుటచే ఈత సులభము. దూడ లేచిన వెంటనే పొదుగును వెదకికొనును. ఇది చిన్న సంగతి కాదు. వేలకొలది ఎకరముల బీడులో ప్రతి ఆవు ప్రక్కను కాపరి నిలువజాలడు గదా!

దోషములును గలవు. పెయ్యలు ఆలస్యముగా ఎదకు వచ్చును; తొలి ఈతకు మూడేండ్లు, అంతకుమించియు పట్టుట కలదు. మాంసమున క్రొవ్వు పలుచన, సీమజాతులంత మెత్తన కాదు. కొన్ని సంతతులలో కోడెకు పొట్టక్రింద తోలు మిక్కిలి వ్రేలాడును. పొడవు గడ్డిలో అది గీరుకొని పుండుపడి, ఆంబోతు దాటుటకే పనికిరాకుండ పోవును. చూపరులకు వ్రేలాడు తోలు జాతిలక్షణముగా తోచవచ్చును గాని, మందకాపరి దానిని దోషముగనే ఎంచవలెను.

అన్నిటికంటె గూఢమైన దోషము దగ్గరి రక్తపు కలయిక. కొలదిపాటి ఆంబోతులనుండియే కోట్లాది పశువులు వృద్ధియైనపుడు, ఇరువైపుల వంశావళులలో ఒకే పేరు మరల మరల కనబడును. తండ్రిని కుమార్తెతో కలిపిన సాంకర్యము నూటికి 25. ఒకే తండ్రి బిడ్డలను కలిపినచో 12.5. దాని ఫలము ముందుగా చూలు నిలుచుటలోను, దూడల బ్రతుకులోను కనబడును, రూపమున కనబడదు. కావుననే సంతలో మోసము జరుగును.

పేరుపొందిన పూర్వికుడొకడు కలడని విని మురియుటయు తగదు. తండ్రినుండి సగము, తాతనుండి సుమారు పావు, ముత్తాతనుండి వీసములు రెండు వచ్చును. నాలుగు తరముల వెనుకటి ఘనుని పాలు వీసము మాత్రమే.

కోడె స్వంత బరువును సయితము పూర్తిగా నమ్మరాదు. ఏడాది వయస్సున ఒక కోడె తన తోటివానికంటె 40 కిలోలు ఎక్కువ తూగినదనుకొందము. బరువున వంశముచే సంక్రమించు భాగము నూటికి 40గా ఎంచినచో 16 కిలోలే రక్తమునకు చెందును; తక్కినది మేతకు, తల్లిపాలకు చెందును. దూడకు అందు సగము, అనగా 8 కిలోలు. చూలు నిలుచు గుణమునకు సంక్రమణ ఇంకను స్వల్పము. అందుచే ఒకే మందలో, ఒకే ఋతువున పుట్టిన పలు ఆంబోతుల దూడలను పోల్చిగాని తీర్పు చెప్పరాదు.

ధర సాక్ష్యము కాదు. 2023లో వియాతినా-19 అను నెలోరి ఆవులో మూడవ వంతు భాగము పది లక్షల డాలర్లకు పైబడి అమ్ముడుపోయినది. అది సుమారు 1,100 కిలోలు తూగు ఆవు, నిజమే, అబ్బురమే. కాని దాని బిడ్డలు సామాన్యపు బీడున ఎట్లు పెరుగునో వేలంపాట చెప్పదు.

తూకపుయంత్రము లేని గ్రామములందు కొలనాడా చాలును. ముంగాళ్ల వెనుక, మూపురము తగులకుండ, రొమ్ము చుట్టుకొలతను అంగుళములలో తీసి, దానిని దానిచేతనే గుణించి, భుజమునుండి పిరుదువరకు గల నిడివిచే మరల గుణించి, 660చే భాగింపవలెను. చుట్టుకొలత 60, నిడివి 50 అయినచో బరువు సుమారు 272 కిలోలు. ప్రతి దూడను నీళ్లు త్రాగింపకమునుపే, ఉదయమున, ఒకే వయస్సున కొలిచి, తల్లిపేరు, తండ్రిపేరు, పుట్టిన తేదీలతో సంఘపు పుస్తకమున వ్రాయింపుడు.