మొగలిపూల అత్తరు: అరుదైన పుష్పసారాల పునరుద్ధరణలో కొన్ని ప్రశ్నలు

కృత్రిమ పరిమళద్రవ్యాల ధాటికి వెనుకబడిన సహజ పుష్పసారాలను తిరిగి తయారుచేయాలన్న ఆసక్తి పరిమళ పరిశ్రమలో మళ్లీ కనిపిస్తోంది. పునరుద్ధరణ అనగానే ఆరిన బట్టీని తిరిగి వెలిగించడమే అని భావించడం పరిపాటి. అయితే ఒక పుష్పసారం ఏ కారణంచేత కనుమరుగైందో నిర్ధారించుకోకుండా దానిని నిలబెట్టడం సాధ్యం కాదు. తెలుగువారికి చిరపరిచితమైన మొగలిపువ్వును, దాని నుంచి తీసే అత్తరును ఆధారంగా చేసుకొని ఈ వ్యాసం ఆ కారణాలను పరిశీలిస్తుంది.

మొగలి కంటే ముందు ఒక విదేశీ ఉదాహరణను ప్రస్తావించడం అవసరం. ఫ్రాన్స్ దక్షిణ ప్రాంతంలో వయొలెట్ పూల నుంచి తీసిన సారం ఒకప్పుడు అత్యంత ఖరీదైన పరిమళద్రవ్యాలలో ఒకటి. 1893లో జర్మన్ రసాయన శాస్త్రజ్ఞులు టీమాన్, క్రూగర్ వయొలెట్ వాసన గల అయొనోన్ అనే పదార్థాన్ని ప్రయోగశాలలో తయారుచేశారు. ఆ పూల సారం మితిమీరిన ఖరీదు కావడంతో వారు పరిశోధించినది పువ్వును కాదు, దాదాపు అదే వాసన ఇచ్చే ఐరిస్ దుంపను. అయొనోన్‌కు ముడిపదార్థమైన సిట్రాల్ నిమ్మగడ్డి నూనెలో సమృద్ధిగా లభిస్తుంది. ఆ నూనెకు మలబారు తీరం, కొచ్చి రేవు ప్రసిద్ధి. అంటే ఐరోపాలోని ఒక పువ్వును పరిశ్రమ నుంచి తప్పించడంలో భారతీయ గడ్డి ఒకటి పాలుపంచుకుంది. నేటికీ గ్రాస్ పట్టణానికి సమీపంలో వయొలెట్ మొక్కలను సాగుచేస్తున్నారు. కాని పరిమళ పరిశ్రమకు చేరేది ప్రధానంగా ఆకులు మాత్రమే, పువ్వులు గుత్తులకు, మిఠాయిలకు పరిమితమయ్యాయి. చౌకైన ప్రత్యామ్నాయం దొరికిన పువ్వు అదృశ్యమవుతుందన్నది ఇక్కడి పాఠం. మొగలి విషయంలో జరిగింది ఇంతకంటే చిక్కైనది. పువ్వు పోలేదు, బట్టీ ఆగలేదు, పేరు మారలేదు. సీసాలోని పదార్థం మారింది.

మొగలి: పువ్వు, ప్రాంతం

సంస్కృతంలో కేతకి, హిందీలో కేవడా, తెలుగులో మొగలి లేదా గేదంగి అని వ్యవహరించే ఈ మొక్క శాస్త్రీయ నామం పాండానస్ ఓడోరిఫర్. ఇందులో ఆడ మొక్కలు, మగ మొక్కలు వేరు. పరిమళం మగ మొక్కల పూగుత్తికే ఉంటుంది. స్త్రీలు జడలో తురుముకొనే మొగలిరేకు వృక్షశాస్త్ర పరిభాషలో పూరేకు కాదు, పూగుత్తిని కప్పి ఉంచే పత్రపుచ్ఛం. శివపూజకు పనికిరాదన్న పురాణకథ, పొదలో పాము ఉంటుందన్న నమ్మకం, ప్రబంధాల ఉద్యానవర్ణనలలో తరచుగా కనిపించే కేతకి ప్రస్తావన, ఇవన్నీ ఈ మొక్కతో తెలుగు సమాజానికి ఉన్న సాన్నిహిత్యాన్ని తెలుపుతాయి. ఐనా మొగలిని పరిశ్రమగా మలచుకున్నది ఆంధ్రతీరం కాదు, దానిని ఆనుకొని ఉన్న ఒడిశాలోని గంజాం జిల్లా. 1936 వరకు మద్రాసు రాజధానిలో భాగంగా ఉన్న ఈ జిల్లాలో, ముఖ్యంగా బరంపురంలో, తెలుగు మాట్లాడేవారు నేటికీ గణనీయంగా ఉన్నారు. ఛత్రపురం, గోపాలపురం పరిసరాలలో పొలంగట్ల వెంట, కాలువల ఒడ్డున, ఇసుకనేలల్లో పెరిగే మొగలి పొదలే అక్కడి బట్టీలకు ఆధారం. 'గంజాం కేవడా పువ్వు', 'గంజాం కేవడా రూహ్' రెండింటికీ భౌగోళిక గుర్తింపు లభించింది.

పూత వానకాలంలో ఎక్కువ. పువ్వును తెల్లవారుజామునే కోసి గంటల వ్యవధిలో బట్టీకి చేర్చాలి, ఎండ ఎక్కేకొద్దీ వాసన తరుగుతుంది. అందుకే బట్టీలు పట్టణంలో కాక పొదలకు దగ్గరగా పల్లెల్లో వెలిశాయి. పూల కొనుగోలు తూకంతో కాక లెక్కతో జరగడం ఈ వ్యాపారంలోని మరో విశేషం.

బట్టీలో జరిగేది

కన్నౌజ్ పద్ధతిగా ప్రసిద్ధమైన 'దేగ్-భప్‌కా' విధానమే ఇక్కడా అమలులో ఉంది. దేగ్ అంటే పూలు, నీరు పోసి కాచే పెద్ద రాగిపాత్ర. మూత చుట్టూ బంకమట్టి, దూది కలిపి మెత్తుతారు. పురి చుట్టిన వెదురు గొట్టం గుండా ఆవిరి, నీటితొట్టెలో ఉంచిన భప్‌కా అనే రాగికూజాలోకి చేరుతుంది. ఆ కూజాలో ముందుగానే చందన తైలం పోసి ఉంచుతారు. చల్లబడిన ఆవిరిలోని పరిమళాన్ని తైలం పట్టుకుంటుంది, నీరు అడుగున వేరుపడుతుంది. ఆ నీటిని మళ్లీ దేగ్‌లో పోసి, కొత్త పూలు వేసి, తైలం పరిమళంతో నిండేవరకు రోజుల తరబడి ఇదే పని కొనసాగిస్తారు. చందనం లేకుండా పువ్వు నుంచే నేరుగా తీసిన తైలాన్ని రూహ్ అంటారు. దాని దిగుబడి అత్యల్పం కనుక ధర అందుకు తగినట్టే ఉంటుంది. మూడవది కేవడా జలం, బిర్యానీకి, మిఠాయిలకు వాడేది ఇదే.

చందన తైలం ఇక్కడ కేవలం పాత్ర వంటిది కాదు. అందులోని శాంటలాల్‌లు నెమ్మదిగా ఆవిరవుతాయి, తేలికగా ఎగిరిపోయే పూల వాసనను పట్టి ఉంచుతాయి. అత్తరు దెబ్బతిన్నది కూడా ఈ చోటనే. శాంటలం ఆల్బం జాతి చందనవృక్షాన్ని 1998లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం హానికి లోనుకాగల జాతిగా నమోదు చేసింది. చెట్టులో చేవ తయారు కావడానికి పదిహేనేళ్లు, అంతకు మించి పడుతుంది. అడవి చందనం తరిగి తైలం ధర పెరిగిన కొద్దీ భప్‌కాలోకి ద్రవ పారఫిన్, వాసన లేని కృత్రిమ ద్రావకాలు ప్రవేశించాయి. వాటిలో పట్టిన సరుకు కూడా అత్తరు పేరుతోనే అమ్ముడవుతోంది.

రెండవ దెబ్బ రసాయనశాస్త్రం నుంచి వచ్చింది. మొగలి తైలంలో సుమారు మూడింట రెండు వంతుల నుంచి నాలుగింట మూడు వంతుల వరకు 2-ఫినైల్ ఇథైల్ మిథైల్ ఈథర్ అనే ఒకే పదార్థం ఉంటుంది. తరువాతి స్థానం టెర్పినిన్-4-ఓల్‌ది, అది పదో వంతుకు పైగా ఉంటుంది. గులాబీ వాసన గల ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్ నుంచి మొదటి పదార్థాన్ని తేలికగా, చౌకగా తయారుచేయవచ్చు. గులాబీ, మల్లె వంటి పూలలో వాసన ఎన్నో సూక్ష్మ పదార్థాల కలయిక కనుక అనుకరణ కష్టం. మొగలికి ఆ రక్షణ తక్కువ. తీవ్రమైన, ఏకముఖమైన ఆ వాసనే దాని ప్రత్యేకత, అదే దాని బలహీనత కూడా.

మూడవది గిరాకీకి సంబంధించినది. కేవడా ఉత్పత్తులలో పెద్ద భాగం పాన్‌మసాలా, జర్దా, గుట్కా తయారీకే పోయేది. 2011 నాటి ఆహార భద్రతా నియమాలను అనుసరించి, 2012 నుంచి రాష్ట్రాలు ఒకదాని తరువాత ఒకటిగా గుట్కాను నిషేధించాయి. ఆరోగ్యరీత్యా ఈ నిర్ణయం సమర్థనీయమే. ఐతే పొగాకు వ్యాపారంపై ఇంతగా ఆధారపడిన పుష్పసారానికి మరో కొనుగోలుదారు అవసరమన్న సత్యాన్ని అది బయటపెట్టింది. దీనికి తోడు 2013 అక్టోబరులో గోపాలపురం వద్ద తీరం దాటిన ఫైలిన్, 2018లో పలాస సమీపాన తీరం దాటిన తిత్లీ తుపానులు గంజాం తీరాన్ని తాకాయి. కూలిన పొద స్థానంలో నాటిన పిలక పూతకు రావడానికి కొన్నేళ్లు ఆగవలసిందే.

దేనిని పునరుద్ధరించాలి?

ఈ నేపథ్యంలో పునరుద్ధరణ అన్న మాటకు కనీసం రెండు అర్థాలు ఏర్పడుతున్నాయి. పూల వాసనను యథాతథంగా అందించడమే లక్ష్యమైతే కాగడం అవసరం లేదు. 31 డిగ్రీల సెల్సియస్, సుమారు 74 బార్ల పీడనం దాటితే కార్బన్ డయాక్సైడ్ ద్రావకంగా పనిచేస్తుంది, వేడికి చెడే పదార్థాలను కూడా కాపాడుతుంది. చందనం ప్రసక్తి ఉండదు. కాని అలా లభించేది అత్తరు కాదు. చందనంతో రోజుల తరబడి కలిసి మాగిన వాసన వేరు, పువ్వు వాసన వేరు. పైగా ఆ యంత్రం ఖరీదు పల్లె బట్టీదారు భరించగలిగినది కాదు. పరిశ్రమ పట్టణానికి తరలిపోతే ప్రయోజనం పొదల యజమానికీ దక్కదు, బట్టీ పనివారికీ దక్కదు.

ఇక్కడ అంతగా చర్చకు రాని మరో దేశీయ మార్గం ఉంది. నువ్వులను పూల మధ్య పొరలుగా పరచి, పూలను మార్చుతూ, నువ్వులకు వాసన పట్టిన తరువాత గానుగ ఆడి సుగంధ తైలం తీసే పద్ధతి ఉత్తర భారతంలో 'ఫులేల్' పేరుతో ప్రసిద్ధం. మల్లె జాతులతో పాటు కేవడాను కూడా ఇందుకు వాడేవారు. నిప్పు, రాగి, చందనం ఏవీ అవసరం లేని ఈ విధానం తలనూనెలకు సరిపోతుంది, సూక్ష్మ పరిమళాలకు సరిపోదు. 'నూనె' అన్న తెలుగు మాటలోనే నువ్వు, నేయి ఇమిడి ఉన్నాయని భాషావేత్తలు వివరిస్తారు కనుక తెలుగు ప్రాంతంలో ఈ పద్ధతిని పరీక్షించడం అసహజమేమీ కాదు.

ఏ మార్గం ఎంచుకున్నా అసలు సరుకును నకిలీ నుంచి వేరుచేయగలగడం తొలి షరతు. గ్యాస్ క్రొమాటోగ్రఫీ పరీక్ష టెర్పినిన్-4-ఓల్ వంటి అనుబంధ పదార్థాలు తగిన పాళ్లలో ఉన్నాయో లేదో చెబుతుంది. ఆ పాళ్లు తెలిసిన కల్తీదారు వాటినీ కలపగలడు. పెట్రోలియం నుంచి తయారైన ఈథర్‌లో కార్బన్-14 ఉండదు, మొక్క నుంచి వచ్చిన దానిలో ఉంటుంది. కనుక ఐసోటోపు పరీక్ష మరింత నమ్మదగినది. ముడిపదార్థమే మరో మొక్కదైతే ఈ పరీక్ష కూడా మోసపోతుంది. అంతిమంగా ఏ పల్లెలో, ఏ రోజున, ఎన్ని పూలు ఏ బట్టీలో వేశారన్న లెక్కే మిగిలిన ఆధారం. పూలను లెక్కపెట్టి కొనే పాత అలవాటు ఇందుకు అనుకూలం. ఆ లెక్కను సీసా మీది చీటీ దాకా చేర్చడమే భౌగోళిక గుర్తింపు చేయవలసిన పని.

1991లో కన్నౌజ్‌లో ఏర్పడిన సుగంధ, రుచిద్రవ్యాల అభివృద్ధి కేంద్రానికి బరంపురంలో విస్తరణ కేంద్రం ఉంది. బట్టీదారులకు శిక్షణ, పరీక్షా సౌకర్యం అందించగలిగిన వ్యవస్థ అందుబాటులో ఉన్నట్టే. ఉద్దానం మీదుగా ఇచ్ఛాపురం వరకు సాగే శ్రీకాకుళం తీరానికి అది పొరుగు పట్టణం. గంజాం పువ్వు పరిమళానికి మేలైనదన్న ప్రతీతి నేల వల్లనా, మొక్క రకం వల్లనా అన్నది ఇక్కడ తేల్చుకోవలసిన ప్రశ్న. విత్తనం నుంచి మొలిచినది ఆడదో మగదో ముందుగా తెలియదు కనుక, గంజాం మగ మొక్కల పిలకలను శ్రీకాకుళం ఇసుకనేలల్లోనూ, అక్కడి మొక్కల పిలకలను గంజాంలోనూ నాటి, పూతకు వచ్చిన తరువాత రెండు చోట్ల తీసిన తైలాలను పోల్చి చూడాలి. విశ్వవిద్యాలయాల వృక్ష, రసాయనశాస్త్ర శాఖలు కలిసి చేపట్టదగిన పని ఇది. దాని ఫలితాన్ని బట్టే మొగలి సాగును ఆంధ్రతీరానికి విస్తరించాలా, గంజాం పొదలను కాపాడుకోవడంపైనే దృష్టి నిలపాలా అన్నది నిర్ణయించవచ్చు.