పలకకు మనము కట్టేది ఏమిటి?



ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత మా సంఘములోని ఒక యౌవనస్థుడు ప్రార్థన చేయించుకొనుటకు మా దగ్గరకు వచ్చాడు. అతని చొక్కా మీద పెద్ద కెరటము బొమ్మ, దాని మీద పలక పట్టుకొని నిలబడిన మనిషి, కింద ఇంగ్లీషులో ఏదో పేరు. "ఏం బాబూ, ఏమిటా పేరు?" అని అడిగాము. "తెలియదండీ అయ్యగారూ. బాగుందని సంతలో కొన్నాను" అన్నాడు. పక్కనున్న సంఘ పెద్ద మాత్రము ఊరుకోలేదు. "ఇవన్నీ లోకపు వేషాలండీ. గట్టిగా బుద్ధి చెప్పండి" అన్నారు.

బుద్ధి చెప్పక ముందు ఆ బొమ్మ సంగతి మేము తెలుసుకోవాలి గదా అనుకొన్నాము. తెలుసుకొన్న కొలది, బుద్ధి చెప్పవలసినది ఆ అబ్బాయికి మాత్రమే కాదనీ, మాకు కూడాననీ అర్థమైంది. అందుకే ఈ నాలుగు మాటలు.

ఆట పుట్టిన చోటు

పసిఫిక్ మహాసముద్రము నడుమ హవాయి ద్వీపములున్నవి. అక్కడివారు ఎన్నో తరములుగా ఆడుతున్న ఆట ఇది. మనిషి పొడవైన చెక్క పలక మీద బోర్లా పడుకొని, చేతులతోనే తెడ్డు వేసుకొంటూ సముద్రములోనికి వెళతాడు. వెనుక పెద్ద కెరటము లేచినప్పుడు పలక మీద లేచి నిలబడి, కెరటపు వాలు మీద ఒడ్డు వైపు జారుతూ వస్తాడు. దీనినే ఇప్పుడు సర్ఫింగు అంటున్నారు. దుంగలు కట్టిన తెప్ప మీద కెరటము దాటి వేటకు వెళ్లిన మన తీరపు మత్స్యకారులకు ఆ ఒడుపు ఎలాంటిదో వేరే చెప్పనక్కరలేదు.

అక్కడ రాజులూ ఆడేవారు, సామాన్యులూ ఆడేవారు, స్త్రీలూ ఆడేవారు. అయితే ఆ ఆటతో పాటు మరి కొన్ని కూడా ఉండేవి. పందెములు జోరుగా సాగేవి. పడవలు, పందులు, ఇంటి సామగ్రి ఒడ్డి పోగొట్టుకొన్నవారు ఉన్నారు. బట్ట లేకుండ స్త్రీపురుషులు కలిసి ఆడేవారు.

1820లో అమెరికా దేశపు మిషనెరీలు థడ్డియస్ అనే ఓడలో ఆ ద్వీపములకు చేరారు. వారిలో హైరమ్ బింగ్‌హామ్ ముఖ్యుడు. వారు చేసిన మేలు తక్కువది కాదు. 1805లో విశాఖపట్టణము చేరిన లండను మిషను సేవకులు మన తెలుగులో బైబిలు అనువాదమునకు పూనుకొన్నట్లే, వీరు హవాయి భాషకు అక్షరములు కూర్చి, బడులు పెట్టి, 1839 నాటికి ఆ భాషలో బైబిలు అంతటినీ అనువదించి ముగించారు. పందెములను, దిగంబరత్వమును ఖండించారు. అది వారి విధి. కాని ఆ ఖండన వింటున్నవారికి పందెము వేరుగా, పలక వేరుగా కనబడలేదు. ఆ శతాబ్దపు చివరి నాటికి ఆట చాలామట్టుకు మూలబడింది.

మిషనెరీలే ఆ ఆటను చంపివేశారని కొందరు వ్రాస్తారు. అది పూర్తి సత్యము కాదు. 1778లో మొదలుకొని బయటి ఓడలు తెచ్చిన వ్యాధుల వలన ఆ జనము కుప్పలుగా చనిపోయారు. లక్షలలో ఉండిన ఆదివాసుల సంఖ్య 1890 నాటికి సుమారు 40 వేలకు పడిపోయింది. భూములు పోయినవి, కూలి పనులు వచ్చినవి. ఆడుకొనే మనుష్యులే కరవైనప్పుడు ఆట ఎక్కడ నిలుస్తుంది? బింగ్‌హామ్‌గారు కూడ 1847లో ప్రచురించిన తన గ్రంథములో, తాము బలవంతపు చట్టములేవీ చేయించలేదనీ, సిగ్గు, కష్టపడే గుణము, భక్తి పెరిగినందున జనము ఆటను తగ్గించుకొన్నారనీ వ్రాసుకొన్నారు. ఏమైనా, ఒక సంగతి మన మనస్సుకు తగలాలి. పలకకు కట్టిన పాపమును విప్పుట ఒక పని, పలకనే పారవేయుట మరొక పని. భక్తిగల వారికి కూడ ఈ రెంటికీ తేడా ఒక్కోసారి కనబడదు.

పలక తిరిగి వచ్చిన విధము

ఇరువదవ శతాబ్దము మొదటిలో ఆ ద్వీపవాసులే ఆటను మరల లేపారు. వారిలో పేరుపొందినవాడు డ్యూక్ కహనమోకు. 1912లో స్టాక్‌హోమ్ ఒలింపిక్సులో 100 మీటర్ల ఈతలో స్వర్ణ పతకము గెలిచాడు. ఆట చూపించుటకు తన పలకను అనేక దేశములకు తీసుకొని వెళ్లాడు.

1925 జూన్ నెలలో కాలిఫోర్నియా తీరమున ఒక చేపల పడవ పెద్ద కెరటములకు బోల్తా పడింది. డ్యూక్ తన పలక తీసుకొని నీటిలోనికి దూకాడు. ఒడ్డుకు, మునిగిపోతున్నవారికి మధ్య మరల మరల తిరిగి ఎనిమిది మందిని బ్రతికించాడు. తరువాతి కాలములో సముద్రతీర రక్షకులు ఆ పలకనే రక్షణ సాధనముగా వాడసాగారు.

ఇది చదివినప్పుడు మాకు అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయము జ్ఞాపకము వచ్చింది. పౌలు ఎక్కిన ఓడ పగిలినప్పుడు ఈత రానివారిలో కొందరు పలకల మీదనే కదా దరికి చేరింది! ఒక నాడు పందెము కట్టిన పలకకే మరొక నాడు ఎనిమిది ప్రాణములు కట్టబడినవి. పలక అదే. కట్టినది వేరు.

పలకకు కట్టిన పేరు

తరువాత వ్యాపారము వచ్చింది. 1950ల నుండి బరువైన చెక్కకు బదులు తేలికైన నురుగు పదార్థముతో పలకలు చేయసాగారు. 1952లో జాక్ ఓనీల్ అనే ఆయన శాన్‌ఫ్రాన్సిస్కోలో దుకాణము తెరిచి, చన్నీటిలో ఒంటికి వెచ్చదనమిచ్చే రబ్బరు దుస్తులు అమ్మాడు. 1969లో ఆస్ట్రేలియాలోని టార్కే అనే చిన్న ఊరిలో క్విక్‌సిల్వర్, రిప్ కర్ల్ అనే రెండు కంపెనీలు పుట్టినవి. 1973లో అదే దేశములో బిల్లబాంగ్ వచ్చింది. వీటిని పెట్టినవారు స్వయముగా కెరటముల మీద ఆడినవారే. తమకు అవసరమైన వస్తువులను తామే కుట్టుకొని, తయారు చేసుకొని, తోటివారికి అమ్మినవారు. అందులో తప్పేమీ లేదు.

కాని ఆడేవారు కొద్దిమంది. ఆడినట్లు కనబడాలనుకొనేవారు కోట్లమంది. కంపెనీలకు ఆ కోట్లమంది మీద కన్నుపడింది. సముద్రమే ఎరుగని పట్టణములలో కెరటము బొమ్మ చొక్కాలు అమ్ముడుపోయినవి. దుకాణములు పెరిగినవి, వాటితో అప్పులూ పెరిగినవి. 2015 సెప్టెంబరులో క్విక్‌సిల్వర్ అమెరికాలో దివాలా పిటిషను వేసింది. తరువాత బోర్డ్‌రైడర్స్ అని పేరు మార్చుకొన్న ఆ కంపెనీ 2018లో బిల్లబాంగును కొన్నది. 2023లో దానిని, పేర్లను కొని అద్దెకిచ్చే మరొక పెద్ద సంస్థ కొన్నది. అమెరికాలో ఆ పేర్ల దుకాణములు నడుపుతున్న లిబరేటెడ్ బ్రాండ్స్ అనే సంస్థ 2025 ఫిబ్రవరిలో దివాలా తీసి, వందకు పైగా దుకాణములను మూసివేసింది. అక్కడ పనిచేసేవారి ఉద్యోగములు పోయినవి. పేర్లు మాత్రము చేతులు మారి ఇంకా అమ్ముడుపోతూనే ఉన్నవి.

ప్రియులారా, మత్తయి సువార్త 7వ అధ్యాయములో ప్రభువు ఇసుక మీద కట్టిన ఇంటిని గూర్చి చెప్పాడు. సముద్రపు ఒడ్డున పుట్టిన వ్యాపారమునకు ఆ ఉపమానము ఎంత సరిపోయింది! పని నుండి పేరును విడదీసి పేరునే అమ్ముకొంటే, అది ఎంతో కాలము నిలువదు. ఇది కంపెనీలకే కాదు. క్రైస్తవుడనే పేరు తొడుక్కొని, క్రీస్తుతో నడవని మనకు కూడ ఇదే మాట. సంతలో అర్థము తెలియని పేరు కొన్న అబ్బాయిని తప్పు పట్టే ముందు, అర్థము తెలిసిన పేరును అర్థము లేకుండ తొడుక్కొన్న పెద్దలమెంతమందిమో ఆలోచించుకొందాము.

తండ్రులు కట్టినవి

ఈ ఆటల చరిత్రలో మమ్మును ఎక్కువగా కదిలించినవి కంపెనీలు కావు, తండ్రులు.

1965 క్రిస్మసు దినమున అమెరికాలోని మిషిగన్ రాష్ట్రములో షెర్మన్ పాపెన్ అనే తండ్రి, ఇంట్లో అల్లరి చేస్తున్న తన చిన్న కుమార్తెల కొరకు మంచు మీద జారే రెండు కర్రలను పక్కపక్కన పెట్టి బిగించాడు. పిల్లలు దాని మీద నిలబడి దిబ్బ మీద నుండి జారారు. మంచు మీది పలక ఆటకు అది ఒక మొదలు. 1998లో జపానులోని నగానోలో ఆ ఆట స్నోబోర్డింగు పేరుతో ఒలింపిక్సులో చేరింది.

హవాయిలో బెతనీ హామిల్టన్ అనే విశ్వాసియైన బాలిక ఉండేది. 2003 అక్టోబరు 31న, పదమూడేండ్ల వయస్సులో, పలక మీద పడుకొని ఉండగా సొరచేప ఆమె ఎడమ చేతిని భుజము దగ్గరనుండి కొరికివేసింది. ఆమెను ఆసుపత్రికి తెచ్చేసరికి అక్కడ ఆమె తండ్రికే మోకాలి శస్త్రచికిత్స జరగవలసి ఉన్నది. ఆయనకు సిద్ధపరచిన గదిలోనే కుమార్తెకు చికిత్స చేశారు. నెల తిరగకుండానే ఆమె మరల నీటిలోనికి దిగింది. ఒంటి చేతితో పట్టుకొనుటకు వీలుగా తండ్రి ఆమె పలకకు ఒక పిడి బిగించి ఇచ్చాడు. 2005లో ఆమె జాతీయ పోటీలో గెలిచింది. తనను నిలబెట్టినది క్రీస్తుయందలి విశ్వాసమేనని ఆమె నేటివరకు సాక్ష్యమిస్తున్నది.

బ్రెజిలు దేశములోని ఒక చేపల పల్లెలో ఇటాలో ఫెరేరా అనే పిల్లవాడు పుట్టాడు. తండ్రి చేపలు అమ్ముకొనేవాడు. పలక కొనే స్తోమత లేక, ఆ పిల్లవాడు తండ్రి చేపలు ఉంచుకొనే థర్మోకోలు పెట్టె మూత మీదనే కెరటములు ఎక్కడము నేర్చుకొన్నాడు. 2021లో టోక్యో ఒలింపిక్సులో సర్ఫింగు మొదటిసారి చేరినప్పుడు పురుషులలో స్వర్ణ పతకము అతనిదే. ఆఖరి పోటీలో మొదట్లోనే పలక విరిగిపోతే మరొక పలక తెచ్చుకొని గెలిచాడు. స్త్రీలలో స్వర్ణము హవాయి ఆదివాసి రక్తము గల కారిసా మూర్‌కు దక్కింది. ఏ ద్వీపములో ఆట మూలబడిందో ఆ ద్వీపపు బిడ్డే మొదటి పతకము తీసుకొని ఇంటికి వెళ్లింది.

మన దేశములో కూడ ఒక పల్లె ఉన్నది. మధ్యప్రదేశ్‌లోని పన్నా జిల్లాలో జన్వార్ అనే ఆ ఊరిలో 2015లో ఉల్రికే రైన్‌హార్డ్ అనే జర్మను స్త్రీ చక్రముల పలకలతో, అనగా స్కేట్‌బోర్డులతో, ఆడుకొనే సిమెంటు మైదానము కట్టించింది. అక్కడ రెండు నియమములు ఉంచారు. బడికి వెళ్లనివారికి ఆట లేదు. వరుసలో ఆడపిల్లలు ముందు. ఆదివాసుల పిల్లలూ యాదవుల పిల్లలూ, అంతవరకు వేరు వేరుగా ఉన్నవారు, ఒకే మైదానములో పడి లేచి ఆడుకొన్నారు. ఆ ఊరి ఆదివాసి బాలిక ఆశా గోండ్ 2018లో చైనాలో జరిగిన ప్రపంచ పోటీలలో మన దేశము తరపున పాల్గొన్నది. ఆ పల్లెవారు పలకకు బడిని కట్టారు. ఎంత మంచి ముడి!

మా ఒప్పుకోలు

ఇప్పుడు మా మాట. కొన్నేండ్ల క్రితము మా గుడి వెనుక స్థలములో పిల్లలు వాలీబాలు ఆడేవారు. దానిలో పందెములు కాస్తున్నారని తెలిసి మేము కోపముతో నెట్టు విప్పించి, ఆట మొత్తము మాన్పించాము. పందెములు ఆగలేదు. ఊరి చివరి చింతతోపులోనికి మారినవి. ఆగినది ఒక్కటే: ఆ పిల్లలలో కొందరు గుడికి రావడము. వారిలో ఇద్దరు నేటికీ రాలేదు. హవాయి సంగతి చదివిన రాత్రి ఆ ఇద్దరి ముఖములే మా కండ్లయెదుట ఉన్నవి. పాపమును విప్పవలసిన చోట మేము నెట్టును విప్పాము.

జెకర్యా గ్రంథము 8వ అధ్యాయములో, దేవుడు యెరూషలేమును బాగుచేసే దినమును గూర్చి చెబుతూ, దాని వీధులు ఆడుకొనే బాలురతోను బాలికలతోను నిండి ఉంటాయని ప్రవక్త తెలియజేశాడు. పిల్లల ఆట దేవుని దీవెనకు గురుతు. శరీర సాధకము కొంత మట్టుకు ప్రయోజనకరమని పౌలు తిమోతికి వ్రాసిన మాటలో, దైవభక్తికి ఉన్నంత విలువ దానికి లేదనే హెచ్చరికా ఉన్నది, అసలు విలువ లేదని అనలేదనే దయా ఉన్నది.

కాబట్టి తలిదండ్రులారా, మీ పిల్లలు ఏదైనా కొత్త ఆట అడిగినప్పుడు "లోకపు వేషము" అని కొట్టివేయక ముందు, దానికి ఏమి కట్టి ఉన్నదో చూడండి. పందెము ఉంటే విప్పండి. తాగుడు ఉంటే విప్పండి. అప్పు చేసి కొనే ఆడంబరము ఉంటే విప్పండి. ఆ తరువాత మీ చేతులతో మంచిదేదైనా కట్టండి: చదువు, సహవాసము, ప్రార్థన. యౌవనస్థులారా, మీరు తొడుక్కొనే పేరు ఏమిటో తెలుసుకొని తొడుక్కొనండి. అన్నిటికంటె ముందు, బాప్తిస్మములో మీరు ధరించుకొన్న నామమును మరువకండి.

పోయిన నెల మా గుడి వెనుక నెట్టు మరల కట్టాము. పందెము లేదు. ఆట ముగిసిన తరువాత పది నిమిషములు ప్రార్థన. ఆ దినము చొక్కా చూసి గద్దించిన పెద్దే ఇప్పుడు కుర్చీ వేసుకొని కూర్చుండి పాయింట్లు లెక్కపెడుతున్నారు. ఆ ఇద్దరు ఇంకా రాలేదు. వారి ఇండ్లకు మేము వెళ్లి, తప్పు మాదేనని చెప్పి వచ్చాము. వారి కొరకు మీరు కూడ ప్రార్థించండి.

ప్రభువు మీ కుటుంబములను దీవించును గాక. ఆమేన్.