క్రెస్టెడ్ గెకోకు మొక్కల పెట్టె

క్రెస్టెడ్ గెకో పసిఫిక్ మహాసముద్రంలో, ఆస్ట్రేలియాకు తూర్పున ఉన్న న్యూ కలెడోనియా దీవుల బల్లి. తోకతో కలిపి దాదాపు 20 సెంటీమీటర్ల పొడవు, 35 నుంచి 50 గ్రాముల బరువు ఉంటుంది. కళ్ల పైనుంచి వీపు వైపుకు సాగే చిన్న చిన్న ముళ్ల వరుస వల్ల దానికి ఆ పేరు వచ్చింది. మన గోడల మీది బల్లికి లాగే దీనికీ కదిలే కనురెప్పలు లేవు. కంట్లో దుమ్ము పడితే నాలుకతో తుడుచుకుంటుంది. గోడబల్లికున్న ఒక సౌకర్యం మాత్రం దీనికి లేదు. తోక ఒకసారి ఊడిందా, మళ్లీ మొలవదు. ఫ్రెంచి జంతుశాస్త్రవేత్త గిషెనో 1866లో దీన్ని లోకానికి పరిచయం చేశాడు. ఆ తర్వాత చాలాకాలం జాడ లేకపోవడంతో అంతరించిపోయిందనే అనుకున్నారు. 1994లో రాబర్ట్ సైప్ నాయకత్వంలో వెళ్లిన బృందానికి అది మళ్లీ కనిపించింది. ఇప్పుడు ఇళ్లలో పెరిగేవి పెంపకంలోనే పుట్టిన జీవాలు. సరిగ్గా చూసుకుంటే 15 నుంచి 20 ఏళ్లు బతుకుతాయి. కాబట్టి పెట్టె కూడా అన్నేళ్లు నిలిచేలా కట్టుకోవాలి.

మూసిన గాజు పెట్టెలో మొక్కలు బతకగలవని చూపినవాడు లండన్ వైద్యుడు నథానియల్ బాగ్‌షా వార్డ్. 1829 ప్రాంతంలో అతను ఒక చిమ్మట ప్యూపాను తడిమట్టితో పాటు సీసాలో పెట్టి మూత బిగిస్తే, ఆ మట్టిలోంచి ఫెర్న్ మొలిచింది. మట్టిలోంచి లేచిన ఆవిరి గాజుకు తగిలి చల్లబడి, తిరిగి మట్టిలోకే దిగుతోందని అతను గమనించాడు. 1833లో అలాంటి పెట్టెల్లో మొక్కల్ని ఓడమీద సిడ్నీకి పంపించాడు. మొక్కల వివేరియం, అంటే మొక్కలతో పాటు జీవాన్ని ఉంచే గాజు పెట్టె, నడిచేది ఆ సూత్రం మీదే. అయితే గాలి ఆడని తడిలో ఫెర్న్ పెరుగుతుంది, బల్లి జబ్బు పడుతుంది. మొక్కకు కావలసిన తడికీ, బల్లికి కావలసిన గాలికీ మధ్య పొత్తు కుదర్చడమే ఇందులో అసలు పని.

ఈ గెకో చెట్ల మీద తిరిగే జీవి, అదీ రాత్రిపూట. అందుకే పెట్టెకు వెడల్పు కంటే ఎత్తు ముఖ్యం. ఎదిగిన ఒక్క గెకోకు 45 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు, 60 ఎత్తు ఉన్న గాజు పెట్టె సరిపోతుంది. ఇంకా పెద్దదైతే మరీ మంచిది. తలుపులు ముందువైపు ఉండాలి. పైనుంచి చెయ్యి దిగితే బల్లి దాన్ని వేటాడే పక్షిగా భావించి బెదురుతుంది. బెదిరితే తోక వదిలేసే ప్రమాదం ఉంది. పైకప్పు సన్నని లోహపు జాలీతో ఉండి, ముందు తలుపు కింద మరో సన్నని జాలీ పట్టీ ఉంటే, కింద నుంచి చల్లగాలి లోపలికి వచ్చి వెచ్చబడి పైనుంచి బయటికి పోతుంది. చేపల తొట్టిని నిలబెట్టి వాడుకోవచ్చని కొందరు అనుకుంటారు కానీ, దానికి ఈ కింది దారి ఉండదు.

పెట్టె అడుగున ముందుగా మట్టి ఉండల పొర వేయాలి. కుండీల్లో వాడే, కాల్చిన తేలికపాటి బంకమట్టి గోళీలు ఇందుకు బాగుంటాయి. పొడవు, వెడల్పు 45 సెంటీమీటర్ల చొప్పున ఉన్న పెట్టె అడుగున 4 సెంటీమీటర్ల మందాన పరవాలంటే 8 లీటర్ల గోళీలు కావాలి. ఈ పొర మీద చాలామందికి ఒక అపోహ ఉంది: గోళీలు ఉంటే పైమట్టి త్వరగా ఆరుతుందని. నిజానికి సన్నని మట్టిలోని నీరు, ఆ మట్టి పూర్తిగా నానిపోయేదాకా, కింది పెద్ద సందుల్లోకి దిగదు. పైన పట్టనంత నీరు పోసినప్పుడు ఆ మిగులు వేళ్లకు తగలకుండా నిలిచే చోటు ఇది. అందుకే గోళీల మీద దోమతెర లాంటి నైలాన్ జాలీ పరిచి, మట్టి కిందికి జారకుండా చూడాలి. ఒక మూలన సన్నని గొట్టం నిలువుగా దించి ఉంచితే, నీరు జాలీ దాకా లేచినప్పుడు దాంట్లోంచి లాగేయవచ్చు. కట్టే రోజున ఈ గొట్టం మరిచిపోతే, ఆర్నెల్ల తర్వాత దాన్ని దించడానికి మొక్కలన్నీ పీకాల్సి వస్తుంది.

జాలీ మీద 7, 8 సెంటీమీటర్ల మట్టి వేయాలి. తోట మట్టి పనికిరాదు. నాలుగు రోజులు తడిపితే గట్టిపడి గాలి చొరనివ్వదు. కొబ్బరి పొట్టు, ఆర్కిడ్లకు వాడే బెరడు ముక్కలు, కట్టెబొగ్గు, ఎండు నాచు కలిపిన వదులు మిశ్రమం కావాలి. అమెరికాలో అట్లాంటా బొటానికల్ గార్డెన్ పేరుతో ప్రసిద్ధమైన మిశ్రమం ఈ తరహాదే. ఎరువు కలిపిన మట్టి వద్దు. దాని పైన ఎండుటాకులు దట్టంగా పరచాలి. మన వీధుల్లో రాలే బాదం ఆకులు ఇందుకు మంచివి. మందు కొట్టని చెట్టువి ఏరి, కడిగి, ఆరబెట్టి వాడాలి.

ఎండుటాకులు అందం కోసం వేసేవి కావు. వాటి కింద స్ప్రింగ్‌టెయిల్స్, ఐసోపాడ్లు అనే చిన్న జీవులు బతకాలి. ఇసుక రేణువంత ఉండే స్ప్రింగ్‌టెయిల్స్ బూజు తింటాయి. ఐసోపాడ్లు రాలిన ఆకుల్నీ, గెకో రెట్టనూ తిని మట్టిలో కలుపుతాయి. కొత్త పెట్టెలో రెండో, మూడో వారంలో కొమ్మల మీద తెల్ల బూజు కమ్ముకుంటుంది. కంగారుపడి అంతా కడిగేయనక్కర్లేదు. ఈ జీవుల సంఖ్య పెరిగేకొద్దీ అది తగ్గుతుంది.

మొక్కల ఎంపికలో సున్నితత్వానికి చోటు లేదు. 40 గ్రాముల బల్లి రాత్రంతా ఆకుల మీదికి దూకుతుంటే, లేత ఫెర్న్‌లు వారంలో నలిగిపోతాయి. మనీ ప్లాంట్, స్నేక్ ప్లాంట్, ఫిలోడెండ్రాన్, బ్రొమీలియాడ్ లాంటివి ఆ బరువుకు తట్టుకుంటాయి. గోడలకు పాకించే క్రీపింగ్ ఫిగ్ వెనుక గాజును కప్పుతుంది. నర్సరీ నుంచి తెచ్చిన మొక్కల మీద పురుగుమందు ఉంటుంది. కాబట్టి వేళ్లకున్న మట్టి పూర్తిగా కడిగి, కొన్ని వారాలు విడి కుండీలో పెంచాకే పెట్టెలోకి మార్చాలి. మొక్కలతో పాటు జామ కొమ్మలో, కార్క్ బెరడు గొట్టాలో, వెదురు ముక్కలో అడ్డంగా, ఏటవాలుగా బిగించాలి. పైభాగంలో ఆకులు గుబురుగా ఉండటం గెకో ఆరోగ్యానికే అవసరం. దాక్కునే చోటు లేకపోతే అది పగలంతా గాజుకు తలకిందులుగా అంటుకుని నిద్రపోతుంది. అలా నెలల తరబడి సాగితే తోక బరువుకు నడుము ఎముకలు వంకరపోవచ్చు.

మొక్కలకు 6500 కెల్విన్ తెల్లని ఎల్ఈడీ వెలుగు రోజుకు 12 గంటలు ఇవ్వాలి. టైమర్ పెట్టుకుంటే మరిచిపోయే బెడద ఉండదు. తక్కువ తీవ్రత గల యూవీబీ దీపం మేలు చేస్తుంది, కానీ దాన్ని జాలీ మీద పెట్టాలి. గాజు ఆ కిరణాల్ని ఆపేస్తుంది.

ఉష్ణోగ్రత దగ్గర మొహమాటం పనికిరాదు. ఈ గెకోకు 22 నుంచి 26 డిగ్రీల సెల్సియస్ హాయి. 28 దాటితే నలిగిపోతుంది, 30 దాటి చాలాసేపు ఉంటే ప్రాణానికే ముప్పు. శీతల దేశాల్లో ఉన్న తెలుగువారి ఇళ్లలో గది వేడి దానికి చాలుతుంది. 40 డిగ్రీలు దాటే విజయవాడ, రామగుండం వేసవిలో మాత్రం పగలంతా ఏసీ నడవాలి, కరెంటు పోతే మరో ఏర్పాటు ఉండాలి. అది కుదరని ఇంట్లో ఈ బల్లిని పెంచకపోవడమే మంచిది. అదే పెట్టెను మొక్కలకే వదిలేసినా చూడముచ్చటగా ఉంటుంది.

నీళ్లు సాయంత్రం దీపం ఆరే వేళ చల్లాలి. ఆకుల మీది చుక్కల్నే గెకో నాకి తాగుతుంది. రాత్రి తేమ 80 శాతం దాకా లేచి, మరునాడు మధ్యాహ్నానికి 50, 60కి దిగాలి. తేమ చాలకపోతే కుబుసం వేళ్లకు చుట్టుకుని రక్తప్రసరణ ఆగి, వేళ్లు ఊడిపోతాయి. ఎప్పుడూ తడిగానే ఉంటే ఊపిరితిత్తుల, చర్మపు జబ్బులు వస్తాయి. బోరు నీళ్లు చల్లితే గాజు మీద తెల్లని సున్నపు మరకలు కడతాయి. ఆర్వో నీళ్లు వాడితే ఆ బాధ తప్పుతుంది.

మొక్కలు వేరూని కొత్త ఆకు తొడిగేదాకా, అంటే నాలుగు నుంచి ఆరు వారాలు, పెట్టె ఖాళీగా నడవాలి. ఆ లోగా గెకోను కొని, టిష్యూ కాగితం పరిచిన మామూలు డబ్బాలో విడిగా ఉంచి చూడవచ్చు. అక్కడైతే అది తింటున్నదీ లేనిదీ, రెట్ట ఎలా ఉందీ ఇట్టే తెలుస్తుంది. పిల్ల గెకోను పెద్ద పెట్టెలో వదిలితే తిండి ఎక్కడుందో వెతుక్కోలేదు. కొంత ఎదిగేదాకా చిన్న డబ్బాయే దానికి క్షేమం.

కొనేటప్పుడు అమ్మేవారి దగ్గర కాగితాలు అడగాలి. 2022లో సవరించిన వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం, అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ ఒప్పందమైన సైటీస్ జాబితాలోని విదేశీ జీవాలు ఉన్నవారు వాటిని నమోదు చేయించాలి. తిరుమల కొండల్లోని రాతి చీలికల్లో బతికే బంగారు బల్లి వంటి అడవి జాతుల్ని పట్టి తెచ్చి పెట్టెలో పెట్టే ఆలోచనే చేయకూడదు.

ఆహారంగా, పండ్ల పొడికి విటమిన్లు, మాంసకృత్తులు చేర్చిన గెకో మేతను నీటిలో చిక్కగా కలిపి, పైకొమ్మల దగ్గర చిన్న గిన్నెలో పెట్టాలి, మరునాడు తీసేయాలి. వారానికి ఒకటి రెండుసార్లు కాల్షియం పొడి అద్దిన కీచురాళ్లు ఇవ్వవచ్చు. అవి గెకో రెండు కళ్ల మధ్య దూరాన్ని మించకూడదు. తినగా మిగిలినవాటిని ఏరేయకపోతే అవి పగటిపూట నిద్రపోతున్న గెకోనో, లేత ఆకుల్నో కొరుకుతాయి.

ఆ తర్వాత పని తక్కువే. వారానికోసారి ముందు గాజు తుడవడం, ఎక్కువైన తీగలు కత్తిరించడం, గొట్టంలోంచి నీటిమట్టం చూడటం, ఎండుటాకులు కరిగిపోయిన చోట కొత్తవి వేయడం. మట్టి కుళ్లు వాసన వేస్తే అడుగున నీరు నిండిందని అర్థం. అప్పుడు నీరు లాగేసి, కొద్ది రోజులు చల్లడం తగ్గించాలి. రెండు మూడేళ్లకు కొబ్బరి పొట్టు మెత్తగా అణగారిపోతుంది. పైపొర తీసి, కొంచెం పాతమట్టిని అందులోని చిన్న జీవులతో సహా దాచి, కొత్త మిశ్రమంలో కలిపి మళ్లీ నింపాలి.