రవీంద్రుని పేర ఒక ఆరుబయలు రంగస్థలము

ఖరగ్‌పూరు పేరు వినగానే తెలుగువారికి రైలు స్ఫురించును. బెంగాల్ నాగపూర్ రైల్వే కర్మాగారము చుట్టును పెరిగిన ఈ పట్టణమునకు ఉత్తరాంధ్రమునుండి ఎన్నో కుటుంబములు బ్రదుకుతెరువు వెదకుకొనుచు తరలి వచ్చినవి. ఇచ్చట కళాభిమానులు గుర్తుంచుకొనదగిన స్థలము మరియొకటి కలదు. అది హిజిలీలోని భారత సాంకేతిక విద్యాసంస్థ ప్రాంగణమున నున్న టాగోర్ ఆరుబయలు రంగస్థలము. విద్యార్థులు ఏటేట జరుపు స్ప్రింగ్ ఫెస్ట్ ఉత్సవమున సంగీతసభలకు ఇది వేదిక.

ఆ వేదికకు రవీంద్రుని పేరు పెట్టుట కేవలము మర్యాద కొరకని తోచవచ్చును. కాని ఆ నేలకును ఆ కవికిని గల సంబంధము అంతకంటె లోతైనది. 1930లో బ్రిటిషు ప్రభుత్వము హిజిలీలో నిర్బంధశిబిరమును నెలకొల్పెను. 1931 సెప్టెంబరు 16న అందలి నిరాయుధులైన రాజకీయ నిర్బంధితులపై రక్షకభటులు కాల్పులు జరిపిరి. సంతోష్ కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తా ప్రాణములు కోల్పోయిరి. డెబ్బదియేండ్ల రవీంద్రుడు వయోభారమును లెక్కింపక, ఆ నెల 26న కలకత్తా మైదానమున జనసమూహము ఎదుట నిలిచి ఈ ఘాతుకమును ఖండించెను. ఆ సభయు ఆరుబయటనే జరిగినది. స్వాతంత్ర్యానంతరము, 1950లో, నూతన విద్యాసంస్థ ఆ శిబిర భవనమునకే చేరెను. నిర్బంధితుల గొంతు నొక్కిన చోటనే నేడు యువకులు గొంతెత్తి పాడుచున్నారు.

రెండవ సంబంధము కళకు చెందినది. ఇరువదవ శతాబ్ది ఆరంభమున వ్రాసిన ‘రంగమంచ’ అను వ్యాసమున రవీంద్రుడు, చిత్రించిన తెరలు నాటకమునకు అనవసరమనియు, బెంగాలు జాత్రలో నటునకును ప్రేక్షకునకును నడుమ దూరము లేదనియు వాదించెను. మన వీధినాటకము, హరికథ, బుర్రకథ ఈ కోవకు చెందినవే. గోడలు లేనిచోట కంఠధ్వని తిరిగి రాదు; గాలిలో కలిసిపోవును. బుర్రకథలో వంతలు పల్లవి నందుకొనుట, హరిదాసు చిరుతలతో గజ్జెలతో లయ నిలుపుట వట్టి అలంకారములు కావు. బయలును జయించు ఉపాయములు కూడ. నేడు ఆ పనిని ధ్వనివర్ధకములు చేయుచున్నవి. శబ్దము పెరిగినది, నటుని కన్నులు శ్రోత కన్నులను కలియు సామీప్యము మాత్రము యంత్రము వలన రాదు.

ఇచ్చట తెలుగు రచయితలు ఆలోచింపవలసినది ఒకటి కలదు. విద్యాసంస్థలోని వేదికకు మహాకవి పేరు తోడైనది. రైల్వే వాడలలో తెలుగు పాట, తెలుగు కథ వినిపించిన బయళ్ళకు అట్టి భాగ్యము లేదు. పని దిగివచ్చిన కార్మికుడు నేలపై కూర్చుండి విన్న కథను, అది ఏ యాసలో నడచినదో, అందు బెంగాలీ మాట ఎక్కడ చొరబడినదో, ఎరిగినవారు ఉండగనే వ్రాసి ఉంచవలెను. ఆ తరము గడచినచో ఆ బయలు వట్టి ఖాళీస్థలమై మిగులును. ప్రవాసాంధ్రుల సాహిత్యచరిత్రకు ఆ లోటు తీరనిది.