విస్లర్‌లో మంచం దొరికితే మహాభాగ్యం

కెనడాలో వాంకూవర్‌కి ఉత్తరాన సుమారు 120 కిలోమీటర్ల దూరంలో, కొండల మధ్య విస్లర్ ఉంది. 2010 వింటర్ ఒలింపిక్స్‌లో ఆల్పైన్ స్కీయింగ్ పోటీలు జరిగింది ఇక్కడే. 2021 లెక్కల ప్రకారం ఊరి జనాభా 14 వేల లోపే. కానీ చలికాలం రాగానే లిఫ్టుల దగ్గర, హోటళ్లలో పనిచేయడానికి ఎక్కడెక్కడి నుంచో మన వయసు వాళ్లు దిగిపోతారు. వాళ్లలో ఆస్ట్రేలియన్లు ఎంతమందంటే, ఊరిని సరదాగా ‘విస్ట్రేలియా’ అంటారు!

అసలు సమస్య ఇల్లు. చుట్టూ కొండలు కాబట్టి కట్టడానికి చోటు తక్కువ. ఉన్నవాటిలో చాలా ఇళ్లు టూరిస్టులకీ, సెలవులకి మాత్రమే వచ్చే ఓనర్లకీ పోతాయి. అందుకే 1997లో, అక్కడ పనిచేసేవాళ్ల కోసం హౌసింగ్ అథారిటీ పెట్టారు. ఒలింపిక్స్ క్రీడాకారుల విలేజ్ కూడా తర్వాత స్థానికుల ఇళ్లయింది. అయినా చాలక, సీజన్‌కి వచ్చినవాళ్లు ఒక్కో గదిలో ఇద్దరు ముగ్గురు సర్దుకుంటారు.

మన సీనియర్లు ఎమ్మెస్‌కి వెళ్లేముందే వాట్సాప్‌లో తెలుగు రూమ్మేట్స్‌ని వెతుక్కుంటారు. విస్లర్‌లో అంత ఛాయిస్ ఉండదు. ఎవరితో దొరికితే వాళ్లతోనే. బయట తింటే జేబు ఖాళీ, కాబట్టి పరిచయాలన్నీ వంటింట్లోనే. గొడవలూ అక్కడే. చెత్త బయట వదిలేస్తే ఎలుగుబంట్లు వస్తాయి, మరి డిపో దాకా మోసేదెవరు? ఈ వంతులు మొదటి వారంలోనే తేల్చుకుంటే మంచిది. ఎందుకంటే జ్వరమొస్తే గంజి కాచిచ్చేది కూడా ఆ ఇంట్లోవాళ్లే. పైగా టైమ్ తక్కువ: వసంతంలో మంచు కరిగేసరికి సగం ఇల్లు ఖాళీ అయిపోతుంది.